పట్టికలో నాలుగు గీతలు: ఫ్రెడ్ కీనర్ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం అండీ. ఆదివారం సాయంత్రం ఇంతమంది వచ్చారు, అందులో సగం మంది గ్రౌండ్ నుంచి అటునుంచటే వచ్చేసిన పిల్లలు, బూట్లు బయట విప్పి మరీ వచ్చారు, చాలా సంతోషంగా ఉంది నాకు. వెనకాల కూర్చున్న వాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడతా.

నేను స్కూల్లో పీఈటీగా చేసి రిటైర్ అయ్యానని మీలో చాలామందికి తెలుసు. మా అమ్మాయి, అల్లుడు కార్డిఫ్‌లో ఉంటారు, వేల్స్ రాజధాని అది. వేల్స్ అంటే ఇంగ్లండ్‌కి పడమటి పక్క ఆనుకుని ఉండే చిన్న దేశం, మన పాత అనంతపురం జిల్లా కంటే కొంచెం పెద్దది, అంతే. అక్కడికి పోయి నాలుగు నెలలు ఉండి వచ్చా. వాళ్ళిద్దరూ ఆఫీసుకి పోతే పగలంతా నాకేం పని ఉంటుంది, ఊళ్ళో ఎక్కడ గ్రౌండ్ ఉంటే అక్కడికి నడుచుకుంటూ పోయేవాణ్ణి. అలా ఒకరోజు కార్డిఫ్ సిటీ క్లబ్ వాళ్ళ స్టేడియం దగ్గరికి పోతే గేటు బయట ఒక విగ్రహం ఉంది, పాతకాలం నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, చేత్తో కప్పు పైకెత్తి పట్టుకున్న మనిషి. ఫ్రెడ్ కీనర్ అని పేరు. 2012లో పెట్టారు ఆ విగ్రహాన్ని. ఎవరా అని ఇంటికొచ్చి వెతికా. ఆ రోజు నుంచి ఈ మనిషి నన్ను వదల్లేదు.

ఫుట్‌బాల్ ఆటగాళ్ళకి ఒక పట్టిక ఉంటుంది కదా, ఏ సీజన్‌లో ఏ క్లబ్, ఎన్ని మ్యాచులు, ఎన్ని గోల్స్ అని. కీనర్ పట్టిక కార్డిఫ్ సిటీతో మొదలవుతుంది, 1912లో చేరాడు, 1931 దాకా అక్కడే, ఒకే క్లబ్బులో 19 ఏళ్ళు. మధ్యలో 1915-16, 16-17, 17-18, 18-19 అని నాలుగు వరసలు ఉంటాయి, ఆ నాలుగింటికీ ఎదురుగా అడ్డగీతలు. కింద చిన్న అక్షరాల్లో, మొదటి ప్రపంచ యుద్ధం వల్ల పోటీలకి అంతరాయం అని ఉంటుంది. నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ నాలుగు గీతల గురించే.

అంతరాయం అనే మాట చూడండి. మనకి కరెంటు వాళ్ళు మెసేజ్ పెడతారు, రేపు ఫలానా ఏరియాలో విద్యుత్ సరఫరాకి అంతరాయం అని, రెండు గంటలు పోతుంది, మళ్ళీ వస్తుంది, ఫ్యాను ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి తిరగడం మొదలుపెడుతుంది. మనిషి అలా కాదు. నా దగ్గర ఆడిన కుర్రాడు ఒకడు, పేరు వద్దు, మోకాలు దెబ్బతిని ఎనిమిది నెలల తర్వాత గ్రౌండ్‌లోకి వచ్చాడు, ఎముక అతికింది, డాక్టరు ఆడుకోవచ్చు అన్నాడు, పరుగు కూడా పాత పరుగే, కానీ ట్యాకిల్‌కి, అంటే ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కోవడానికి, వెళ్ళే ముందు సగం సెకను ఆగేవాడు. వాడికి తెలీకుండానే ఆగేవాడు. ఆ సగం సెకను పోవడానికి రెండేళ్ళు పట్టింది. బయట చూసేవాళ్ళకి ఏమీ తెలీదు, వాడికీ నాకూ తెలుసు. ఈ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోండి, కీనర్ గురించి చెప్పేటప్పుడు మళ్ళీ వస్తాడు.

కీనర్ పుట్టింది 1894 జూలై 31న, కార్డిఫ్‌లోనే, రోథ్ అనే పేటలో. ఆ రోజుల్లో కార్డిఫ్ అంటే బొగ్గు. వెనక లోయల్లో తవ్విన బొగ్గంతా రైళ్ళలో దిగొచ్చి ఈ రేవు నుంచే ఓడలెక్కి ప్రపంచమంతా పోయేది. ఆ దక్షిణ వేల్స్‌లో ఆట అంటే రగ్బీ, ఫుట్‌బాల్ తర్వాత వచ్చింది. కార్డిఫ్ సిటీ క్లబ్ 1899లో రివర్‌సైడ్ అనే పేరుతో చిన్నగా మొదలై 1910లో గానీ జీతాలిచ్చే ప్రొఫెషనల్ క్లబ్ కాలేదు. అదే ఏడాది ఒక చెత్తదిబ్బని చదును చేసి గ్రౌండ్ కట్టుకున్నారు, దానికి ఎవరో ఒకరు పూచీకత్తు ఇవ్వాల్సొస్తే లార్డ్ నినియన్ క్రిక్టన్-స్టువర్ట్ అనే జమీందారీ కుటుంబం అబ్బాయి ముందుకొచ్చాడు, అందుకే గ్రౌండ్‌కి నినియన్ పార్క్ అని పేరు పెట్టారు. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

కీనర్ చిన్నప్పుడే మెరిశాడు, 1907లో వేల్స్ స్కూల్ పిల్లల టీమ్ ఇంగ్లండ్ స్కూల్ పిల్లలతో ఆడితే అందులో ఉన్నాడు, అప్పటికి పదమూడేళ్ళు కూడా నిండలేదు. 1912లో ఊరి క్లబ్బులో చేరి, 1913 డిసెంబర్‌లో ఫస్ట్ టీమ్‌కి మొదటి మ్యాచ్ ఆడాడు. కార్డిఫ్ అప్పటికి పెద్ద లీగ్‌లో లేదు, సదరన్ లీగ్‌లో ఆడేది. టీమ్‌లో చోటు కోసం ఎదురుచూస్తూ, అప్పుడొకటి అప్పుడొకటి ఆడుతూ, సరిగ్గా కుదురుకునే వయసులో, ఇరవై ఏళ్ళు నిండిన వారానికే, 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది.

అప్పుడు అక్కడ ఏం జరిగిందో కొంచెం నిదానంగా చెప్పాలి. క్రికెట్ ఆపేశారు, రగ్బీ ఆపేశారు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మాత్రం ఆగలేదు, సీజన్ నడిచింది. ఆటగాళ్ళు క్లబ్బులతో కాంట్రాక్టులో ఉన్న కూలివాళ్ళు, ఆట మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ పేపర్లలో ఒకటే తిట్లు, దేశం కోసం కుర్రాళ్ళు చచ్చిపోతుంటే వీళ్ళు నిక్కర్లేసుకుని బంతి తన్నుతున్నారని. తిట్టినవాళ్ళలో ఎక్కువమంది బాగా చదువుకున్న, బాగా ఉన్న కుటుంబాల వాళ్ళు. నాకు ఇది చదివినప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది, ఎందుకంటే కార్ఖానాలో పనిచేసేవాణ్ణి ఎవరూ అలా అడగలేదు, పదిమందికి కనపడే పని చేస్తున్నాడు కాబట్టి ఆటగాణ్ణి అడిగారు.

ఆ ఒత్తిడిలోనే 1914 డిసెంబర్ 15న లండన్ ఫుల్‌హమ్ టౌన్‌హాల్‌లో మీటింగ్ పెట్టి ఒక కొత్త పటాలం మొదలుపెట్టారు. మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్, అందరూ ఫుట్‌బాలర్స్ బెటాలియన్ అనేవాళ్ళు. ఆ రోజు స్టేజి మీదకొచ్చి మొట్టమొదట పేరిచ్చినవాడు ఫ్రాంక్ బక్లీ అనే డిఫెండర్. క్లాప్టన్ ఓరియంట్ అనే చిన్న లండన్ క్లబ్ నుంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు గుంపుగా చేరారు. కీనర్ 1915 మొదట్లో చేరాడు. శనివారం వస్తే వాళ్ళకి సెలవిచ్చి సొంత క్లబ్బుకి మ్యాచ్ ఆడి రమ్మనేవాళ్ళు, వారమంతా కవాతు, శనివారం మ్యాచ్. ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్, అంటే ఓడితే ఇంటికే అనే పద్ధతిలో క్లబ్బులు ఆడే పెద్ద పోటీ, దాని ఫైనల్ మాంచెస్టర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్ గ్రౌండ్‌లో జరిగితే స్టాండ్స్ నిండా యూనిఫాంలో ఉన్న సైనికులే, అందుకే దాన్ని ఖాకీ కప్ ఫైనల్ అంటారు. దాంతో ఆట కూడా ఆగిపోయింది. మొదటి గీత అక్కణ్ణుంచి.

ఆ ఏడాది అక్టోబర్ 2న ఫ్రాన్స్‌లో లూస్ యుద్ధంలో తన పటాలాన్ని నడిపిస్తూ వెల్ష్ రెజిమెంట్ కమాండర్ ఒకాయన చనిపోయాడు. లార్డ్ నినియన్. గ్రౌండ్‌కి పేరిచ్చిన మనిషి, 32 ఏళ్ళు. కీనర్ తర్వాత పన్నెండేళ్ళు మ్యాచ్‌కి మ్యాచ్ అడుగుపెట్టిన గడ్డి మీద ఉన్న పేరు అది. గెలిచినా ఓడినా టికెట్ మీద ఆ పేరే.

1915 నవంబర్‌లో ఫుట్‌బాలర్స్ బెటాలియన్ ఫ్రాన్స్‌లో దిగింది. చలికాలం, కందకాల్లో మోకాళ్ళ దాకా బురద. ముందు వరస నుంచి వెనక్కి రెస్ట్‌కి వస్తే మ్యాచులు ఆడేవాళ్ళు, వాళ్ళతో ఆడి గెలవడం మిగతా పటాలాల వల్ల అయ్యేది కాదు, అవతల పక్కనున్నది లీగ్ ఆటగాళ్ళు మరి. తర్వాత 1916 జూలై 1న సోమ్ యుద్ధం మొదలైంది. మొదటి రోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చచ్చిపోయారు, ఒక్క రోజులో. ఈ అంకె నేను ఎప్పుడు చెప్పినా పిల్లలు సార్ మళ్ళీ చెప్పండి అంటారు. 19,240.

ఇక్కడ ఒక్క నిమిషం మన ఊరికి వద్దాం, ఎందుకంటే నిజంగానే మన ఊరు అక్కడుంది. బొల్లారంలో రిసాలా బజార్ అంటాం కదా, రిసాలా అంటే గుర్రపు దళం. అప్పట్లో హైదరాబాద్ కాంటింజెంట్ రిసాలా నుంచి తయారైన రెజిమెంటే 20వ డెక్కన్ హార్స్. అది ఫ్రాన్స్‌లో ఏ బ్రిగేడ్‌లో ఉందంటే, దాని పేరే సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. 1916 జూలై 14 సాయంత్రం, సోమ్‌లో లాంగ్‌వాల్ అనే ఊరి పక్కన, హై వుడ్ అనే అడవికీ డెల్విల్ వుడ్ అనే అడవికీ మధ్య ఉన్న పంటచేలల్లో, బల్లేలు పట్టుకుని గుర్రాల మీద మెషిన్ గన్ల మీదకి దూకింది ఈ డెక్కన్ హార్సే. ఆ రౌతులు తెలుగు మాట్లాడేవాళ్ళని నేను అనను, ఎక్కువమంది వేరే ప్రాంతాల వాళ్ళు. కానీ సికింద్రాబాద్ అనే మాట ఆ మ్యాపుల మీద ఉంది, నేను చూశా, చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా రెండు వారాల తర్వాత అదే డెల్విల్ వుడ్‌లోకి ఫుట్‌బాలర్స్ బెటాలియన్‌ని పంపారు. అడవి అని పేరే గానీ అప్పటికి చెట్లు లేవు, మొండేలు, గోతులు, శవాలు. యుద్ధం అయ్యాక లెక్కపెడితే ఆ అడవి మొత్తంలో ప్రాణంతో మిగిలింది ఒకే ఒక్క చెట్టు, ఇప్పటికీ ఉంది అది.

ఓరియంట్ ఆటగాళ్ళు ఇద్దరు, విలియం జోనస్, రిచర్డ్ మెక్‌ఫాడెన్, చిన్నప్పటి నుంచీ స్నేహితులు, ఒకే క్లబ్, ఒకే పటాలం, ఒకే కందకంలో ఇరుక్కుపోయారు. జోనస్ స్నేహితుడికి వెళ్ళొస్తానని చెప్పి, నా భార్యకి నా ప్రేమ చెప్పు, క్లబ్బులో మనవాళ్ళని అడిగానని చెప్పు అని, ఇవతలవాడు ఏదో అనేలోపే కందకం గట్టు మీదకి ఎక్కాడు. పైకి ఎక్కడం, తూటా తగిలి కూలిపోవడం ఒక్కసారే. మెక్‌ఫాడెన్ ఇదంతా ఉత్తరంలో క్లబ్బుకి రాశాడు. అక్టోబర్‌లో మెక్‌ఫాడెన్ కూడా పోయాడు. నేను ఈ ఉత్తరం చదివాక ఆ రాత్రి చాలాసేపు మా అమ్మాయి వాళ్ళ బాల్కనీలో కూర్చున్నా. చనిపోయే ముందు మనిషి క్లబ్బులో వాళ్ళని అడిగానని చెప్పమంటాడా అని ఎవరైనా అడిగితే, చెప్పమంటాడండీ, టీమ్‌లో ఆడినవాళ్ళకి తెలుస్తుంది అది.

ఆ సోమ్ యుద్ధంలోనే కీనర్ కాలికి ఫిరంగి గుండు పెంకు తగిలింది. చెయ్యి కాదు, భుజం కాదు, కాలు. నెలల తరబడి ఆసుపత్రి, మళ్ళీ ఫుట్‌బాల్ ఆడటం కష్టమే అన్నారు డాక్టర్లు. 22 ఏళ్ళు. పట్టికలో అది రెండో గీత, 1916-17. సున్నా మ్యాచులు, సున్నా గోల్స్ అని కూడా రాయరు, గీత కొట్టి వదిలేస్తారు, నాకు బాధ అదే.

మిగతా యుద్ధం గురించి త్వరగా చెప్పేస్తా. ఆ పటాలంలో వందల మంది పోయారు, వాళ్ళ జాగాలోకి ఫుట్‌బాల్‌తో సంబంధం లేని మామూలు కుర్రాళ్ళు వచ్చారు, 1918 ఫిబ్రవరికి పటాలాన్నే రద్దు చేశారు. వాల్టర్ టల్ అని, బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరైన మొదటి నల్లజాతి వాళ్ళలో ఒకడు, స్పర్స్ అనే లండన్ క్లబ్బుకి ఆడినవాడు, ఆయన కూడా ఈ పటాలంలోనే మొదలుపెట్టాడు, 1918 మార్చిలో చనిపోయాడు. ఆయన గురించి వేరే రోజు మాట్లాడుకోవాలి, ఐదు నిమిషాల్లో అయ్యే మనిషి కాదు.

కీనర్ తిరిగొచ్చాడు. వచ్చీరాగానే హీరోలాగా ఎవరూ భుజాల మీద మోయలేదు, గ్యాస్ తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు, ఇంటింటికీ పాలు పోశాడు, 1919లో ఆట మళ్ళీ మొదలయ్యాక క్లబ్బులోకి వెళ్ళాడు. నిలబడాల్సింది ఏ పొజిషన్‌లోనో తెలుసా, హాఫ్‌బ్యాక్ వరసలో, మైదానం మధ్యలో, అంటే ప్రతి యాభై గజాలకీ ఎవడో ఒకడు మీదకొచ్చే చోట. ఆ రోజుల్లో బంతి తోలుది, వానలో తడిస్తే ఇటుక బరువు ఉండేది, బూట్లు చీలమండ పైదాకా. ఆయన గురించి ఆ కాలం వాళ్ళు ఎవరు రాసినా ఒకే మాట రాస్తారు, ట్యాకిల్‌కి వెనకాడడు అని. గట్టివాడు, మొండివాడు, మీదకి వెళ్ళిపోతాడు అని. ఇప్పుడు నా మోకాలి కుర్రాణ్ణి గుర్తుచేసుకోండి. ఆ సగం సెకను. కాల్లోకి ఇనుము దిగి, ఆడలేవు అని డాక్టరు చెప్పాక, ఆ సగం సెకను లేకుండా ఆడాడు ఈ మనిషి, ఇంకో పన్నెండేళ్ళు. పీఈటీగా పనిచేసిన నాకు కప్పుల కంటే ఇది పెద్ద విషయం అనిపిస్తుంది. అది పుట్టుకతో వచ్చిన ధైర్యమని నేననుకోను. సోమ్ చూసి బతికొచ్చినవాడికి ఎదురుగా వచ్చే సెంటర్ ఫార్వర్డ్ ఎంత, అనిపించి ఉంటుంది. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా చెప్పలేదు.

1920లో కార్డిఫ్‌ని, వేల్స్ క్లబ్ అయినా, ఇంగ్లండ్ వాళ్ళ ఫుట్‌బాల్ లీగ్ రెండో డివిజన్‌లోకి తీసుకున్నారు, మొదటి ఏడాదే రెండో స్థానంలో నిలిచి ఫస్ట్ డివిజన్‌కి ఎక్కేశారు. 1924 ఫిబ్రవరిలో నినియన్ పార్క్‌లో వేల్స్, స్కాట్లండ్ మ్యాచ్ జరిగితే టాస్‌కి వచ్చిన ఇద్దరు కెప్టెన్లూ కార్డిఫ్ సిటీ వాళ్ళే, ఇటు కీనర్, అటు జిమ్మీ బ్లేర్. వేల్స్ 2-0తో గెలిచింది, ఆ ఏడు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ ముగ్గురినీ ఓడించి ఛాంపియన్‌షిప్ కొట్టేసింది.

అదే 1924లో లీగ్ ఎలా పోయిందో చెప్తా, లెక్కలు ఇష్టమైన పిల్లలు రాసుకోండి. చివరి రోజు, మే 3. కార్డిఫ్ బర్మింగ్‌హామ్‌లో ఆడుతోంది, గెలిస్తే ఛాంపియన్. పెనాల్టీ దొరికింది. లెన్ డేవీస్ తన్నాడు, మిస్. మ్యాచ్ 0-0. అటు హడర్స్‌ఫీల్డ్ 3-0తో గెలిచింది. రెండు టీములకీ 57 పాయింట్లే. అప్పట్లో సమానమైతే గోల్ యావరేజ్ చూసేవాళ్ళు, అంటే కొట్టిన గోల్స్‌ని తిన్న గోల్స్‌తో భాగించడం. హడర్స్‌ఫీల్డ్ 60 కొట్టి 33 తింది, కార్డిఫ్ 61 కొట్టి 34 తింది. భాగించి చూడండి, తేడా 0.024. అంతే. ఇప్పటి పద్ధతిలో తీసివేస్తే ఇద్దరికీ 27, అప్పుడు ఎవరు ఎక్కువ కొట్టారో చూస్తారు, కార్డిఫ్‌వి 61, కప్పు కార్డిఫ్‌దే అయ్యేది. వేల్స్ క్లబ్ ఏదీ ఇప్పటిదాకా ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ కాలేదు. అంత దగ్గరికి వెళ్ళింది అదొక్కసారే.

తర్వాతి ఏడాది 1925లో ఎఫ్ఏ కప్ ఫైనల్, వెంబ్లీలో, షెఫీల్డ్ యునైటెడ్ మీద. హ్యారీ వేక్ ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉన్నాడు, టన్‌స్టాల్ బంతి లాక్కుని గోల్ కొట్టాడు, 1-0తో ఓడిపోయారు. మళ్ళీ వస్తాం, కప్పు పట్టుకుపోతాం అని కీనర్ అన్నాడని చెప్తారు. ఓడినవాళ్ళందరూ అనే మాటే అది. ఈయన అన్నట్టే వచ్చాడు.

1927 ఏప్రిల్ 23. వెంబ్లీ, ఆర్సెనల్ మీద ఫైనల్. కీనర్ కెప్టెన్. టీమ్‌లో పదకొండు మందిలో వేల్స్ వాళ్ళు ముగ్గురే, కీనర్, లెన్ డేవీస్, 19 ఏళ్ళ ఎర్నీ కర్టిస్, మిగతావాళ్ళు స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్ళు, ఇంగ్లండ్ వాడు ఒకే ఒక్కడు, బిల్లీ హార్డీ. అవతల ఆర్సెనల్ గోల్‌లో ఉన్నది మాత్రం వేల్స్ వాడు, డాన్ లూయిస్, బొగ్గు లోయల్లో మేర్డీ అనే ఊరి కుర్రాడు. 74వ నిమిషం, హ్యూయీ ఫెర్గుసన్ దూరం నుంచి తన్నాడు, అంత బలమైన షాట్ కూడా కాదు, లూయిస్ పట్టుకున్నాడు, పట్టుకున్న బంతి చేతికిందనుంచి జారి మెల్లిగా గీత దాటింది. 1-0. కొత్త జెర్సీ మీద నున్నదనం వల్ల జారిందని, ఆ తర్వాత నుంచి ఆర్సెనల్‌లో గోల్ కీపర్ కొత్త జెర్సీని ఉతికిన తర్వాతే వేసుకుంటారని చెప్పుకుంటారు. లూయిస్ గురించి నాకు ఎప్పుడూ జాలే. 90 వేల మంది పైన చూస్తుండగా, సొంత దేశం క్లబ్బుకి కప్పు అందించిన చెయ్యి అయిపోయింది పాపం.

ఈ ఫైనల్‌కి ఇంకో విశేషం ఉంది. రేడియోలో లైవ్ కామెంటరీ వచ్చిన మొదటి ఎఫ్ఏ కప్ ఫైనల్ ఇదే. బీబీసీ పత్రికలో మైదానం బొమ్మని గడులుగా గీసి నంబర్లు వేసి అచ్చేశారు, జనం ఇంట్లో ఆ కాగితం ముందు పెట్టుకుంటే, ఒకాయన ఆట చెప్తుంటే ఇంకొకాయన బంతి ఏ గడిలో ఉందో నంబర్ చెప్పేవాడు. ఆట చెప్పినాయన జార్జ్ ఆలిసన్. గడులు చెప్పినాయన డెరెక్ మెకల్లక్, తర్వాత రేడియోలో పిల్లల ప్రోగ్రామ్‌లతో ఇంటింటికీ తెలిసిన మనిషి. ఈ మెకల్లక్ ఒక కన్ను సోమ్ యుద్ధంలో పోయింది. కుర్రాడిగా ఉన్నప్పుడే మొహానికి తూటా తగిలింది. చూశారా, కింద మైదానంలో సోమ్‌లో కాలికి దెబ్బతిన్న మనిషి బంతి తన్నుతున్నాడు, పైన సోమ్‌లో కన్ను పోగొట్టుకున్న మనిషి మిగిలిన ఒక్క కంటితో ఆ బంతి ఎక్కడుందో దేశమంతటికీ చెప్తున్నాడు. ఆ మధ్యాహ్నం వింటున్నవాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో గానీ, నాకు తెలిసిన రోజు నుంచి ఆ ఫైనల్ అంటే గోల్ కంటే ముందు ఇదే గుర్తొస్తుంది.

రాజు ఐదో జార్జ్ చేతుల మీదుగా కీనర్ కప్పు అందుకున్నాడు. ఆ కప్పు ఇంగ్లండ్ దాటి బయటికి పోయింది ఆ ఒక్కసారే, ఇవాళ్టికీ అంతే.

ఇప్పుడు ఆ కామెంటరీ చెప్పిన ఆలిసన్, ఫుల్‌హమ్ టౌన్‌హాల్‌లో మొదట పేరిచ్చిన ఫ్రాంక్ బక్లీ, ఇద్దరినీ ఒక్క నిమిషం పక్కపక్కన పెట్టండి. బక్లీ యుద్ధంలో మేజర్ అయ్యాడు, సోమ్‌లో గాయపడ్డాడు, తర్వాత వుల్వ్స్ క్లబ్ మేనేజర్ అయ్యాడు, చివరిదాకా ఆయన్ని మేజర్ బక్లీ అనే పిలిచేవాళ్ళు. ఆలిసన్ ఆర్సెనల్ మేనేజర్ అయ్యాడు. 1938 ఆగస్టులో వీళ్ళిద్దరి మధ్యా ఒక బేరం కుదిరింది. వస్తువు ఏంటంటే బ్రిన్ జోన్స్, మెర్తిర్ టిడ్‌ఫిల్ అనే బొగ్గు ఊరి కుర్రాడు, ఒకప్పుడు గనిలో పనిచేసినవాడు. ధర 14,000 పౌండ్లు, బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత ఇవ్వలేదు. అది క్లబ్బుకి. ఆటగాడికి లీగ్ రూల్ ప్రకారం వారానికి 8 పౌండ్లు మించకూడదు. పేపర్లన్నీ ఆ అంకె మీదే పడ్డాయి, అంత బరువు భుజాల మీద పెట్టుకుని మొదటి సీజన్ తడబడ్డాడు, నాలుగే లీగ్ గోల్స్. కొత్త చోట ఒక ఏడాది తడబడటం ఎవరికైనా మామూలే, రెండో ఏడు కుదురుకునేవాడేమో. రెండో ఏడు సెప్టెంబర్ 3న రెండో యుద్ధం వచ్చింది, మూడు మ్యాచులకే సీజన్ రద్దు. కాంట్రాక్టులు రద్దు, జీతాలు బంద్. ఆర్టిలరీలో చేరి ఉత్తర ఆఫ్రికా, ఇటలీ వెళ్ళాడు. లీగ్ మళ్ళీ మొదలైంది 1946 ఆగస్టులో. యుద్ధం వచ్చేటప్పటికి 27, అయ్యేటప్పటికి 34. అందరూ ఇవాళ్టికీ ఆయన్ని ఆర్సెనల్‌లో ఫెయిలైన ఖరీదైన ఆటగాడు అని రాస్తారు, అది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతా. ఇరవై ఏడుకీ ముప్ఫై నాలుగుకీ మధ్య ఏడేళ్ళు పీకేసి మిగిలిన దానితో ఏ ఆటగాణ్ణి కొలిచినా ఫెయిలే అవుతాడు. తర్వాత లండన్‌లో పేపర్లు అమ్మే షాపు నడుపుకున్నాడు.

కీనర్ అదృష్టవంతుడు ఒక రకంగా, ఆయన గీతలు 21కీ 25కీ మధ్య వచ్చాయి, తర్వాత టైమ్ మిగిలింది.

కానీ ఆ మిగిలిన కథ కూడా చెప్పాలి. 1929లో కార్డిఫ్ ఫస్ట్ డివిజన్ నుంచి దిగిపోయింది, 1931లో ఇంకో మెట్టు దిగింది. 1930 అక్టోబర్‌లో వేల్స్ టీమ్ స్కాట్లండ్ వెళ్ళాల్సి వస్తే ఇంగ్లండ్ క్లబ్బులు తమ వెల్ష్ ఆటగాళ్ళని వదల్లేదు, కీనర్ ఎవరికీ తెలియని కుర్రాళ్ళని వెంటేసుకుని గ్లాస్గో పోయి 1-1 డ్రా తెచ్చాడు, కీనర్ అండ్ టెన్ అన్‌నోన్స్ అంటారు ఆ టీమ్‌ని. 36 ఏళ్ళు అప్పటికి. మొత్తం వేల్స్‌కి 32 మ్యాచులు ఆడాడు. 1931లో కార్డిఫ్ వదిలి క్రూ అనే చిన్న క్లబ్బుకి పోయాడు, అక్కడి నుంచి ఇంకా చిన్నవాటికి. ఆట అయ్యాక షుగర్ జబ్బు పట్టుకుంది. కెంట్ వైపు పొలాల్లో, కోళ్ళ దగ్గర పనిచేశాడు. 1958లో కార్డిఫ్ తిరిగొచ్చి కట్టడం పనుల్లో కూలీగా, తర్వాత మున్సిపాలిటీ వాళ్ళ స్టోర్‌లో పనిచేశాడు. రాజు చేతుల మీదుగా కప్పు అందుకున్న మనిషి, అరవై దాటాక, అదే ఊళ్ళో. 1972 అక్టోబర్‌లో చనిపోయాడు, 78 ఏళ్ళు. ఆయన పోయిన నలభై ఏళ్ళకి విగ్రహం పెట్టారు.

ఆ పటాలానికి కూడా లాంగ్‌వాల్ ఊళ్ళో 2010లో ఒక స్మారక రాయి పెట్టారు, యుద్ధం అయిన తొంభై ఏళ్ళకి పైన. మా అల్లుడు ఈసారి వస్తే తీసుకెళ్తానన్నాడు. అక్కణ్ణుంచి డెక్కన్ హార్స్ దూకిన చేలు నడిచి వెళ్ళేంత దూరమే. వెళితే రెండు చోట్లా నిలబడి వస్తా.

నేను రిటైరయ్యేటప్పుడు నా పాత రిజిస్టర్లు ఇంటికి తెచ్చుకున్నా. వాటిల్లోనూ గీతలున్నాయి, నేను కొట్టినవే. కార్డిఫ్ నుంచి వచ్చాక అవి తీసి కూర్చున్నా, ఒక్కో గీత పక్కన నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నా, వీడు నాన్న పోతే మెకానిక్ షెడ్‌లో చేరాడు, ఈ అమ్మాయికి పెళ్ళి చేశారు, వీడు టైఫాయిడ్ వచ్చి రెండు టర్ములు రాలేదు అని. ఇంకా సగం కూడా కాలేదు. ఇక్కడున్న వాళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే తర్వాత ఒకసారి నా దగ్గరికి రండి, కొన్ని పేర్లు అడగాలి.

ఇప్పుడు రెండు ఫొటోలు చూపిస్తా. ఒకటి 1916 జూలై 14న తీసింది, కార్నాయ్ లోయలో డెక్కన్ హార్స్ గుర్రాల మీద వరసగా నిలబడి ఉంటుంది, ఇంకా దాడికి వెళ్ళలేదు. రెండోది కీనర్, వెంబ్లీలో, చేతిలో కప్పుతో. కొంచెం ఆ లైట్లు ఆపండి బాబూ. ముందు వరస పిల్లలు ఇటు పక్కకి జరగండమ్మా, వెనక వాళ్ళకి గుర్రాలు కనపడాలి.